గుడ్డు లేని నురుగు

"ఈ నురుగు దేంతో చేశారు?"

ఆమె కాక్‌టెయిల్ గ్లాసును బల్ల మధ్యకి నెట్టింది. పైన తెల్లటి నురుగు, దాని మీద ఎండిన గులాబీ రేకు.

"గుడ్డు తెల్లసొన మేడమ్," అన్నాడు వెయిటరు.

"మెనూలో దీని పక్కన ఆకు గుర్తుంది. వీగన్ అని మీరే వేసుకున్నారు. పాలూ, గుడ్డూ, తేనే ఏవీ ఉండకూడదని ఫోన్లో కూడా చెప్పాను."

"రవ్వంతే మేడమ్. రుచి కూడా తెలీదు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ పరిచయం చేసిన ఈ ఇంజనీరుతో ఇది నాలుగో సాయంత్రం. పెళ్లి సంగతి ఇవాళ తేల్చుకుందామనే ఇద్దరూ వచ్చారు. ఆమె మనసు ఎప్పుడో అవుననేసింది, ఇక అతని నోటి నుంచి రావాలి. సరిగ్గా ఇవాళే ఈ దిక్కుమాలిన బార్ వాళ్లు గుడ్డు కలిపి చావాలా?

పెద్దమ్మ ఇంట్లో మొదటిసారి కలిసినప్పుడు ఆమె కంగారులో ఆమ్లెట్ వద్దంది, పాల టీ వద్దంది. అతనూ రెండూ వద్దన్నాడు. ఆ రోజు నుంచి ఎక్కడ కూర్చున్నా ఆకులూ గింజలే.

"మార్చి తీసుకురండి," అన్నాడతను. "ఒక మనిషి పట్టింపంటే మీకింత అలుసా?"

మెత్తని మనిషి ఇంత గట్టిగా మాట్లాడగలడని ఆమెకి తెలీదు. ముచ్చటేసింది.

రెండో గ్లాసు వచ్చింది.

"ఇందులో తీపి ఏమిటి?"

"తేనె మేడమ్. సహజమైనది."

"తేనె చెట్టుకి కాస్తుందా బాబూ?"

తర్వాత పుట్టగొడుగుల టోస్టు వచ్చింది. అతను వాసన చూసి ఆమె చెయ్యి ఆపాడు. "ఆగండి. వెన్న రాశారు."

"రాస్తేనే మెరుస్తుంది సార్," అన్నాడు వెయిటరు.

అప్పుడే పక్క బల్లకి వేడివేడి చేప వేపుడు వెళ్లింది. ఆమె తల తిప్పుకుంది. అతనూ తిప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

ఆకలితో ఆమె కోపం రెట్టింపైంది. "మీ మేనేజర్‌ని పిలవండి."

నల్ల చొక్కా మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"చెయ్యడం రాకపోతే రాదని చెప్పండి," అందామె. "ఆకు గుర్తు పెట్టి మోసం చెయ్యడమెందుకు? నమ్మి తాగేసుంటే?"

"ఇలాంటి చోటికి తీసుకొచ్చినందుకు నాకే సిగ్గుగా ఉంది," అన్నాడతను.

మేనేజరు తల వంచుకున్నాడు. "తప్పు మాదే. మా వంటమనిషి కూడా వీగనే. తన కోసం తెచ్చుకున్న కూర ఇస్తానంటోంది. కాకపోతే ఒక్కరికే వస్తుంది. ఇంతకీ మీ ఇద్దరిలో వీగన్ ఎవరండీ?"

ఆమె వేలు అతన్ని చూపించింది, అతని వేలు ఆమెని.