ఖాళీ బండి

“సోమవారం వ్యాను వస్తాది మేడమ్. మా యమునను బెంగళూరు బట్టల ఫ్యాక్టరీకి పంపిస్తాండా. ఇంగ మాటల్లేవు” అన్నాడు మల్లప్ప.

మాలతి మేడమ్ అంత సులభంగా వదిలే మనిషి కాదు. సదుంలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. సెలవు పూటని కూడా చూడకుండా, చెప్పులు చేతబట్టుకుని గట్లు దాటి వచ్చి మరీ మల్లప్పను పట్టుకుంది. చేలో కోయకుండా వదిలేసిన టమాటాలు చెట్లమీదే కుళ్ళిపోతున్నాయి. కోత కూలి కూడా గిట్టని రోజులు.

“మదనపల్లెలో ఇంటర్వ్యూ ఉందన్నా. కంప్యూటర్ కంపెనీవాళ్ళు. ఇంటరైన పిల్లలకు పని నేర్పించి ఉద్యోగమిస్తారు, డిగ్రీ కూడా చదివిస్తారు. ఈ ఒక్కటీ చూడనీ.”

“పాపకు సదువొస్తాది గానీ నోరు రాదు కదమ్మా! మొన్న పుంగనూరు ఇంటర్వ్యూలో ఏమైండాది? పేరడిగితేనే ఏడ్సుకుంటా బయటికొచ్చేసింది.”

అబద్ధమేం కాదు. వెనకే నిలబడిన యమున తల వంచుకుంది. “నా వల్ల కాదు మేడమ్. నేను వ్యానుకే పోతా” అంది.

మేడమ్‌కు ఆ మాట మింగుడుపడలేదు. బోర్డు మీద లెక్క రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పే పిల్ల ఇది!

మల్లప్ప తన పనిలో పడ్డాడు. ముసలెద్దుకు జతగా కొత్త కోడెను ఖాళీ బండికి కట్టాడు. కోడె బెదిరి పక్కకు లాగుతోంది.

“ఖాళీ బండి తోలితే ఏమొస్తుందన్నా?”

“ముందు ఖాళీదే లాగల్ల మేడమ్. అలవాటైనంక, దానికి తెలీకుండా నాలుగు మూటలు ఎనకేస్తా. ఖాళీదే అనుకోని లాగేస్తాది.” ముసలెద్దు వీపు నిమిరాడు. “జతలో ఒగటన్నా గట్టిగా ఉండల్ల. రెండూ బెదిరితే బండి బోర్లా పడతాది.”

మేడమ్ కాసేపు ఆ బండివైపే చూస్తూ నిలబడింది. తర్వాత యమున భుజం మీద చెయ్యి వేసింది.

“అసలు ఇంటర్వ్యూ ఆదివారం. శనివారం ఉత్త ప్రాక్టీసు. తప్పు చెప్పినా ఎవరూ ఏమీ అనరు. ప్రాక్టీసుకు వస్తావా?”

యమున తండ్రివైపు చూసింది. “ఆదివారం దాకానే” అన్నాడు మల్లప్ప.

శనివారం పుంగనూరు బస్టాండులో యమున ఇడ్లీ తినేసింది. మేడమ్ ప్లేటులోది అలాగే చల్లారిపోయింది. మదనపల్లె చేరేసరికి కాలేజీ నిండా ఫైళ్ళు పట్టుకున్న పిల్లలే.

“ప్రాక్టీసుకు ఇంతమందా మేడమ్?”

“అందరికీ భయమే కదమ్మా!” అంది మేడమ్. ఆమె చేతిలోంచి నీళ్ళ సీసా మూత జారి కింద పడింది.

లోపలినుంచి పిలుపు వచ్చింది. యమున మేడమ్‌ను ఒకసారి ఎగాదిగా చూసింది.

“మీరు ఈడ నీడలో కూసోండి మేడమ్. ఉత్త ప్రాక్టీసే కదా!” అని లోపలికి వెళ్ళిపోయింది.

మేడమ్ కూర్చోలేకపోయింది. లోపల ఎవరైనా నిజం చెప్పేస్తే? పిల్ల మళ్ళీ ఏడుస్తూ బయటికొస్తే? ఇక ఈ జన్మలో తన మాట నమ్ముతుందా? కిటికీ పక్కకు వెళ్ళి చెవి ఆనించింది.

“ఈ ఉద్యోగం నీకెందుకమ్మా?” అని ఎవరో అడుగుతున్నారు.

“టమాటా రేటు మా నాయన చేతిలో లేదు సార్. నేను నేర్చుకునేది నా చేతిలో ఉండాది.”

అది యమున గొంతేనా! మేడమ్ నమ్మలేకపోయింది.

సాయంత్రం కంపెనీ ఆయన బయటికొచ్చి ఎంపికైనవాళ్ళ పేర్లు చదివాడు. యమున పేరు వినపడగానే మేడమ్ మెట్టుమీద కూలబడి భోరుమంది.

“నీకు అబద్ధం చెప్పానమ్మా. ఆదివారం ఏమీ లేదు. ఇదే అసలు ఇంటర్వ్యూ!”

యమున సీసా మూత తీసి నీళ్ళు అందించింది.

“తెలుసు మేడమ్. ఇంటర్వ్యూ ఈ పొద్దే అని గేటు కాడ బోర్డులో సదివినా.”

మేడమ్ ఏడుపు ఆగిపోయింది. “మరి నీకు భయం వెయ్యలేదా?”

“ఏసింది. కానీ మీరు నాకంటే ఎక్కువ వణకతాంటిరి. రెండూ బెదిరితే బండి బోర్లా పడదా మేడమ్?”