గొడుగు పాట

"అది నా పాట, కీత్!"

బెరిల్ కుర్చీలోంచి లేచి నిలబడింది. సినిమా తెర మీద కీత్ ఎవరో లండన్ నటితో ఒకే గొడుగు కింద నిలబడి, "ఇంత వానలోనూ నా దారివి నువ్వే" అని పాడుతున్నాడు. నిరుడు నేతమిల్లు గేటు దగ్గర, జోరువానలో, బెరిల్ గొడుగు కింద నిలబడి ఆమె కోసం కీత్ కట్టిన పాట అది. "నీకు తప్ప ఇంకెవ్వరికీ పాడను" అని ఒట్టు కూడా వేశాడు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా ఇంకొకత్తె కళ్ళల్లోకి చూస్తూ పాడుతున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే.

పక్క సీట్లో కూర్చుని తన సినిమా తానే చూసుకుంటున్న కీత్ ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. "కూర్చోవే, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ ఒట్టు నేనేమన్నా అడిగి వేయించుకున్నానా?"

నడవకి అవతల కూర్చున్న బెరిల్ తల్లి ఎథెల్ ఇటు తిరిగి పెదాలు కదిపింది. చప్పుడేమీ రాలేదు. 'కూర్చో తల్లీ, ఇంటికెళ్ళాక కడిగేద్దువుగాని' అన్నదని బెరిల్‌కి తెలిసింది, కూర్చుంది. ఆ ఊరి మగ్గాల షెడ్డుల్లో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని నేతగత్తెలందరూ పెదాలు చూసే కబుర్లాడుకుంటారు. ఆ మోతకి చెవులు పోయినా ఆ విద్య మాత్రం పోదు.

"మొదలెట్టారా అమ్మాకూతుళ్ళు, మూతులు తిప్పుకోవడం!" అని నవ్వాడు కీత్. మాంసం కొట్టు వాళ్ళబ్బాయి. షెడ్డులో ఏనాడూ అడుగుపెట్టినవాడు కాదు. అతనికి అదంతా ఆడవాళ్ళ వేళాకోళం.

హాలు నిండా మిల్లు ఆడవాళ్ళే. శనివారం మధ్యాహ్నం మగ్గాలు ఆగగానే తలగుడ్డలతోనే వచ్చేశారు. "మా కీత్ సినిమా, మీరు రాకపోతే ఎట్లా?" అని బెరిల్ షెడ్డు షెడ్డూ తిరిగి బతిమాలింది. సొంత ఊళ్ళో హాలు నిండితే ఇంకో సినిమా ఇస్తామన్నారని కీత్ చెప్పాడు మరి. మిల్లులన్నీ మూసే వేసవి సెలవుల్లో పెళ్ళి. కీత్ నాయనమ్మ ఉంగరం అప్పుడే బెరిల్ వేలికి ఎక్కింది.

సినిమా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాఫీ కొట్టు మూతపడకుండా కుర్రకారంతా కలిసి కచేరీ పెడతారు. తలుపు గట్టిగా వేస్తే గోడ కూడా ఊగుతోంది. తర్వాత వచ్చే ఆస్పత్రి సీనుకి ఆ కాఫీ కొట్టు గోడకే తెల్లరంగు కొట్టారు. ఊగినప్పుడల్లా ఆడవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. బెరిల్‌కి మాత్రం నవ్వు రావడం లేదు.

"అంతా ఉత్తుత్తిదే, పిచ్చిదానా!" కీత్ ఆమె చెవిలో అన్నాడు. "పాట ముందే రికార్డు చేసేశారు. అక్కడ దాన్ని మోగిస్తుంటే మేం పెదాలు కలపడమే. మైకే లేదు. ఆ గిటారుకి వైరుందేమో చూడు! ఆ వాన కూడా తోటకి నీళ్ళు పట్టే గొట్టంలోదే."

"పాట నాదేగా? ఎందుకిచ్చావ్?"

"రెండు వారాల్లో సినిమా చుట్టేసే మనిషి మా నిర్మాత. ఉన్న పాట ఇవ్వకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు. ఏం చెయ్యమంటావ్? పాడినంతసేపూ నా కళ్ళముందు నువ్వే ఉన్నావు."

బెరిల్ ఒళ్ళో చేతుల మీదికి తల దించుకుంది. ఆ గొడుగునీ, ఆ పిల్లనీ చూడలేకపోయింది. నమ్మాలని ఉంది, మనసేమో నమ్మనివ్వడం లేదు.

తెర మీద పాట ఆగి గిటార్ల మోత అందుకుంది.

"ఇప్పుడేం చేస్తున్నారు?" తల ఎత్తకుండానే అడిగింది.

"డాన్సు. ముఖాలు తెరంత చేసి చూపిస్తున్నాడు. ఇక్కడ పాట కూడా లేదుగా, నవ్వుతూ నోటికొచ్చింది మాట్లాడుకోండి అన్నాడు డైరెక్టరు. చేపల వేపుడు గురించి వాగాం."

బెరిల్‌కి నవ్వొచ్చింది. అప్పటిదాకా ఈలలతో, నవ్వులతో గోలగోలగా ఉన్న హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. దగ్గు కూడా వినపడలేదు.

"చూశావా! మనవాళ్ళు ఎంత లీనమైపోయారో!" కీత్ ఉప్పొంగిపోయాడు.

అంత మెచ్చుకుంటున్నారంటే నిజంగా బాగా చేసే ఉంటాడు. అనవసరంగా అనుమానపడ్డానని బెరిల్ తనని తానే తిట్టుకుంది. వేలికున్న ఉంగరం సర్దుకుంటూ, "నాకు ఇంకో పాట కడతావా?" అంది.

"ఒకటేంటి, వంద కడతాను."

సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి, ఆట చివర వేసే రాణిగారి గీతం, అదే జాతీయ గీతం, మొదలైంది. ఆ గీతం వస్తున్నంతసేపూ తెరవైపు తిరిగి నోరు మూసుకుని నిలబడాలి. కీత్ ఛాతీ విరుచుకుని, చూపు తెర మీదే నిలిపి నిలబడ్డాడు. బెరిల్ కూడా లేచి తల ఎత్తింది.

హాల్లో ఆడవాళ్ళందరూ తెరకి వీపు పెట్టి నిలబడి ఉన్నారు. అందరూ తనవైపే చూస్తున్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎథెల్ నడవలోకి వచ్చింది. పెదాలు వణుకుతుంటే ఒకసారి బిగించుకుని, చప్పుడు లేకుండా, కూతురికి ఒక్క మాట కూడా తప్పిపోకుండా నెమ్మదిగా కదిపింది.

'గిటార్లు మోగుతున్నప్పుడు వాడు ఆ పిల్లతో ఏమన్నాడో మేమందరం చూశాం తల్లీ: "మా ఊళ్ళో సినిమా ఆడేదాకా ఓపిక పట్టు, హాలు నింపేది ఆ మిల్లు పిల్లే, ఆ మర్నాడే దాని ఉంగరం నీ వేలికి."'