రచయితగారి వంతు

“ముందు మీరు కానివ్వండి. నాకేం తొందర లేదు,” అన్నాడు రచయిత, పక్కనున్న బస్సు డ్రైవరుతో.

సెలూన్ బాబాయి చేతిలో కత్తెర గాల్లోనే ఆగిపోయింది. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి.

చలి మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇదే వరస. తొమ్మిదింటికల్లా రచయిత దిగుతాడు. ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని మూల బెంచీ మీద సర్దుకుంటాడు. తన వంతు వచ్చినప్పుడల్లా పక్కవాడికి ఇచ్చేస్తాడు. వచ్చినవాళ్ళ కబుర్లన్నీ విని, చిన్న పుస్తకంలో ఏదో గీక్కుని, షట్టరు దించే వేళకి “వచ్చే వారం చూద్దాంలే బాబాయ్” అని జారుకుంటాడు.

ఆ కబుర్లే వారపత్రికలో కథలై వస్తున్నాయి. డ్రైవరు భార్య మీద అలిగి, సైకిలెక్కి మూడు వీధులు తిరిగి, ఆకలేసి ఇంటికొచ్చిన సంగతి పోయిన వారమే అచ్చయింది. సిగ్గుపడతాడనుకుంటే, డ్రైవరు పది కాపీలు కొని బస్సులో పంచాడు.

అందరికీ సంబరమే. బాబాయికే మనసులో ముల్లు.

“ఆయనకి నా చేతి మీద నమ్మకం లేదే,” అని నిన్న భార్య దగ్గర వాపోయాడు. “మెడ వెనక ఎంత నున్నగా ఉంటుందో! పక్క వీధిలో కొత్తగా ఏసీ సెలూన్ పెట్టాడే, వాడి పనే. జుట్టు వాడికి, ముచ్చట్లు మనకి!”

“లోపల కుమిలిపోయే బదులు అడిగి తేల్చుకోరాదూ?” అంది ఆవిడ.

అందుకే ఇవాళ డ్రైవరు పని ముగించుకుని వెళ్ళగానే బాబాయి తలుపు మూసి గడియ పెట్టాడు. తెల్లగుడ్డ దులిపి కుర్చీ తిప్పాడు.

“ఇక వంతు ఇచ్చేయడానికి ఎవరూ లేరు. కూర్చోండి.”

రచయిత నీళ్ళు నమిలాడు. “వచ్చే వారం...”

“ముప్పై ఏళ్ళుగా కత్తెర పడుతున్నా. ఒక్కడు వంక పెట్టలేదు. నా పని నచ్చకపోతే మొహం మీదే చెప్పండి. కాదంటే వచ్చే ఆదివారం నుంచి ఈ గడప తొక్కకండి.”

రచయిత బెంచీ మీంచి లేచాడు. “అంత మాటనకు బాబాయ్! ఇక్కడికి రాకపోతే నాకు కథలెక్కడివి? ఇంట్లో గోడలు మాట్లాడవు కదా! నిజం తెలిస్తే నువ్వే రానివ్వవేమోనని ఇన్నాళ్ళూ...”

“ఏం నిజం?”

రచయిత తలవంచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మెల్లగా టోపీ తీశాడు.

బాబాయి అద్దంలోకి చూసి, కత్తెర కింద పెట్టేశాడు. మరుక్షణం ఆయన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది.

“ఆ బెంచీ ఎప్పటికీ మీదే! వచ్చే ఆదివారం పెందరాళే రండి,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తల మీద వెంట్రుకన్నదే లేదు.