ఎడమవైపు బొత్తాం

"ఇవాళ తేలిపోవాలయ్యా ఎల్డన్. ఆ మూసే బొత్తాం ఎడమవైపుకి తెస్తావా, తేవా?"

మావిస్ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం ఈసారి లేదు. ఎల్డన్ థీసన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"తెస్తానన్నాగా మావిస్ గారూ. చిన్న పని కాదది."

"కిందటేడు కూడా ఇదే మాట. నీకంటే మా వీధిలో మంచు ఎత్తే బండి నయం. ఆలస్యమైనా వస్తుంది."

ఎల్డన్ నవ్వాడు. అవతల నవ్వు వినబడలేదు.

బ్రాండన్ అనే ఊళ్ళో ఉండే ఎల్డన్ నోట్సు రాసుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఉచితంగా పంచుతున్నాడు. కంప్యూటరు తనంతట తాను ఇచ్చే విండో చట్రం అతనికి ఎన్నడూ నచ్చలేదు. అంచులు, పైపట్టీ, పట్టీ మీది మూసే బొత్తాం, దాని పక్క బొత్తాలు అన్నీ తనే గీశాడు. విండోస్‌లో ఆ బొత్తాలు కుడివైపు ఉంటాయి, మ్యాక్‌లో ఎడమవైపు. లినక్స్‌లో వాడేవాళ్ళ ఇష్టం. మావిస్ తన లినక్స్‌లో ఎడమవైపు కావాలని పెట్టుకుంది. మిగతా ప్రోగ్రాములు ఆమె మాట విన్నాయి. ఎల్డన్‌ది వినలేదు. సొంతంగా గీసిన చట్రానికి ప్రతిదీ గీసినవాడే నేర్పాలి.

ఇలా ఉచితంగా ప్రోగ్రాములు పంచేవాళ్ళలో కొందరికి ఒక అలవాటుంది. వారానికో గంట నెట్‌లో మాట్లాడుకునే గది తెరిచి కూర్చుంటారు. వాడేవాళ్ళు ఎవరైనా రావచ్చు, అడగచ్చు, తిట్టచ్చు. ఎల్డన్ గంట శనివారం ఉదయం. ఒకప్పుడు వచ్చినవాళ్ళ పేర్లతో తెర నిండిపోయేది. ఇప్పుడు అతని పేరు కింద ఒక్క పేరే కనబడుతుంది. ఎక్కడో దూరాన టిమిన్స్ అనే ఊరి నుంచి మావిస్ లషాన్స్.

బొత్తాం సరిచేయడం ఎప్పుడో అయిపోయింది. సరిచేసిన కోడు ముక్కను ఎల్డన్ తన కంప్యూటర్లో వేరుగా దాచి ఉంచాడు. బయటికి పంపలేదంతే. పంపితే ఆవిడకి ఇక్కడ పనేముంటుంది? వారం మొత్తంలో అతనితో మాట్లాడే గొంతు అదొక్కటే. కిరాణాకొట్లో కూడా ఇప్పుడు బిల్లు కొట్టేది యంత్రమే.

"వచ్చే వారం చూద్దాం," అన్నాడు.

"వచ్చే వారం నేను రాను."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"గుండ్రాయిలా ఉన్నా. మా చెల్లెలు నాతో ఉండటానికి వచ్చేస్తోంది. ఇక శనివారాలు ఇద్దరం మంచుగడ్డ మీద రాళ్ళు జార్చే ఆ కర్లింగ్ ఆటకి పోతాం."

"ఈ వయసులో ఆడతారా?"

"ఆడేవాళ్ళని తిడతాం. అదీ ఆటే." అంది మావిస్. "అందుకే చెబుతున్నా. ఇవాళ చేస్తే సంతోషం. చెయ్యకపోతే వేరే ప్రోగ్రాం చూసుకుంటా. నీకూ గోల వదులుతుంది."

ఎల్డన్ కిటికీలోంచి బయటికి చూశాడు. రాత్రి పడ్డ మంచు మీద ఒక్క అడుగూ పడలేదు. పంపినా పంపకపోయినా మనిషి వెళ్ళిపోతుంది. కానీ పంపితే తను గీసిన బొత్తాన్నే రోజూ నొక్కుతుంది. ఏదో ఒకనాడు ఇంకో లోపం కనబడుతుంది, అడగడానికి తిరిగొస్తుంది. తన ప్రోగ్రాంలో లోపాలకి కరువు లేదు.

"కాసేపు ఆగండి," అన్నాడు.

కీబోర్డు టకటకలాడింది. అన్నాళ్ళు తొక్కిపెట్టిన పని కాఫీ చల్లారేలోగా ముగిసింది.

"కొత్తది వదిలాను. దించుకుని చూడండి."

"ఇప్పుడేనా?" ఆమె గొంతు తడబడింది. "ఇంత త్వరగానా?"

"ముందే కొంత చేసి పెట్టాను."

"అలాగా. ఉండు మరి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎక్కడో కెటిల్ కూసి ఆగింది.

"ఆఁ, బాగుందయ్యా. ఎడమవైపే ఉంది."

"చిన్నది చేసే బొత్తాం, పెద్దది చేసే బొత్తాం కూడానా?"

"అన్నీ వరసలో ఉన్నాయి. ముచ్చటగా ఉంది."

అతని పని ముచ్చటగా ఉందని ఇదివరకు ఎవరూ అనలేదు. తనూ ఒకసారి చూసుకోవాలనిపించింది. ఇప్పుడు వదిలినదాన్నే దించుకుని, తన లినక్స్‌లోనూ బొత్తాలు ఎడమవైపు ఉండాలని పెట్టి, తెరిచాడు.

మూసే బొత్తాం కుడివైపే ఉంది.

మళ్ళీ తెరిచాడు. కుడివైపే. అప్పుడు తెలిసింది. సరిచేసిన ముక్కను కలపడం మరిచిపోయి, పాతదానికే కొత్త నంబరు తగిలించి వదిలాడు. ఈ పనిలో ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే.

"సరే మరి, ఉంటానయ్యా," అంటోంది మావిస్. "వేళకి తిను. డబ్బాలో సూపు ఒక్కటే తినకు."

"ఒక్క నిమిషం. ఎడమవైపేనా?"

"చెప్పాగా."

"నేను పంపింది పాతదే మావిస్ గారూ. లినక్స్‌లో ఎవరు చూసినా అందులో కుడివైపే ఉంటుంది."

తెర మీద ఆమె పేరు వెలుగుతూనే ఉంది.

"ఏం చూసి చెప్పారు?" ఎల్డన్ గొంతు కరుకైంది. "ఎవర్ని వెర్రివాణ్ణి చేద్దామని?"

"నీ ప్రోగ్రాం పోయిన చలికాలంలోనే తీసేశానయ్యా," అంది మావిస్ మెల్లగా. "ఈ గదిలో నువ్వొక్కడివే కూర్చుంటావని వస్తున్నా."