ఎలుక కొరికిన స్వరం

“నా చెవిని మోసం చేసే పెట్టె ఇంకా పుట్టలేదమ్మాయ్. నీ కంప్యూటర్ ఏపాటిది? కానీ, వాయించు!” అన్నాడు ఇజీనో, కళ్లు గట్టిగా మూసుకుని.

చర్చి పక్క గదిలో, బల్ల మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి పాత మీటల పెట్టె. మీట నొక్కితే వయొలిన్ల గుంపు ఒక్కసారిగా లేచినట్టు మోగుతుంది. ఇటలీలోని కాస్తెల్‌ఫిదార్దో ఊరి ఫ్యాక్టరీలు అకార్డియన్లు మాని కరెంటు వాయిద్యాల మీద పడ్డ రోజుల్లో, ఇజీనో చేతుల్లో శ్రుతి కుదిరి బయటికొచ్చిన పెట్టె అది. రెండోది నీవెస్ లాప్‌టాప్. ఆ పెట్టె లోపలి సర్క్యూట్లన్నీ లెక్కగట్టి, దాని గొంతును సాఫ్ట్‌వేర్‌లోకి దింపడమే నీవెస్ ఉద్యోగం.

పెట్టెకు రోజులు దగ్గరపడ్డాయి. పాట మధ్యలో మూగబోతోంది. ఆదివారం ఊరి పండగ పూజలో క్వయర్ ఈ లాప్‌టాప్‌తోనే పాడాలి. ఇజీనో సరేనంటే ఫాదర్ సరేనంటాడు. శ్రుతి విషయంలో ఆ ఊళ్లో ఆయన మాటకు తిరుగులేదు.

నీవెస్ ఒకటి వాయించి ఆపింది. తర్వాత రెండోది వాయించింది.

“మొదటిది అసలు, రెండోది నకలు,” అన్నాడు ఇజీనో.

“తిరగేశారు మాస్టారూ.”

“నాకు తెలీదనుకున్నావా? చిన్నపిల్లవి, సంతోషపడతావని ఓడిపోయాను.”

నీవెస్ పకపకా నవ్వి, లాప్‌టాప్ మీద పైస్థాయి స్వరం ఒకటి పలికించింది. ఇజీనో మొహం చిట్లించాడు.

“ఇదేంటి, రేకు చింపినట్టుంది?”

“మీ పెట్టెలో మోగని మీట ఇదే. పక్క మీటల్ని బట్టి లెక్కగట్టి బతికించాను.”

“సరిగా బతకలేదు. చంపెయ్.”

నీవెస్ తెర మీద చూసింది. ఆ స్వరం గీసిన అల నున్నగా, వంకర లేకుండా ఉంది. అయినా మాస్టారు అన్నాక ఆమెకు తన పని మీదే అనుమానం వచ్చింది. ఇంతలో మధ్యాహ్నపు గంట మోగింది.

“ఆ గంటా బీటలు వారింది. ఫాదర్ ఒప్పుకోడు గానీ, మొన్న భూకంపంలో పక్కూరి గంట ఎగిరొచ్చి దీన్ని గుద్దింది. నేను కళ్లారా చూశాను,” అన్నాడు ఇజీనో.

నీవెస్‌కు అది ఎప్పటి గంటలాగే వినిపించింది. మాస్టారి కోతలు ఆమెకు కొత్త కాదు.

“పోనీ, ఈ మీట ఎలా చచ్చింది?”

“ఎలుక. మామూలు ఎలుక కాదు, సంగీతం తెలిసిన ఎలుక. అన్ని తీగలుండగా ఏరి ఏరి పైస్వరం తీగే కొరికింది. ఎర్సీలియా అంటే దానికి అసూయ.”

“ఆ ఎలుకని మేపింది ఈయనే,” అంటూ ఎర్సీలియా కాఫీ పట్టుకుని లోపలికొచ్చింది. ఇజీనో భార్య, క్వయర్‌లో పై గొంతు ఆవిడదే. ఆయన కప్పులో మిస్త్రా సారా ఒక్క చుక్క వంపి, సీసా అందకుండా దూరంగా పెట్టింది. “పాటలో ఆ స్వరం దగ్గర పెట్టె మోగదని మేమంతా ఓ ఊపిరిసేపు నోరు మూసుకుంటాం. ఊళ్లో పిల్లలు పాటే అంత అనుకుంటున్నారు. నా స్వరం నాకు తిరిగొస్తోందటగా నీవెస్?”

“ఇన్నాళ్లూ నువ్వు నోరు మూసుకున్నది ఆ ఒక్కచోటేగా, అదీ పోతోందా!” అన్నాడు ఇజీనో.

ఆవిడ ఆయన భుజం మీద ఒకటి చరిచి, వాళ్లు తాగాక ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లింది. తలుపు మూసుకోగానే ఆయన నవ్వు ఆగిపోయింది.

“ఆ స్వరం తీసెయ్ నీవెస్. నా మాట విను.”

నీవెస్ పెట్టె వెనక రేకు విప్పి చూపించింది. తీగ నున్నగా తెగి ఉంది. కొసకు చిన్న రబ్బరు తొడుగు.

“మీ ఎలుక చాలా పద్ధతి గలది మాస్టారూ. కత్తిరించి, తొడుగు కూడా వేసి వెళ్లింది.”

ఇజీనో ఆ తొడుగును వేలికొసతో తడిమాడు.

“ఎలుక నేను కల్పించింది,” అన్నాడు. “ఒక ఈస్టర్‌కి ముందు, రిహార్సల్లో విన్నాను. ఆ స్వరం దగ్గర ఎర్సీలియా గొంతు పగిలింది. మర్నాడూ అంతే. ఆ పాటంటే తనకి ప్రాణం. ఇంకెవరూ కనిపెట్టకముందే తీగ కోసేశాను. పెట్టెలోనే లేని స్వరాన్ని ఎవరు పాడమంటారు? ఆదివారం ఊరంతా వస్తుంది. అందరి ముందూ తను పగిలిపోతే నేను చూడలేనమ్మా.”

నీవెస్ లాప్‌టాప్ మీద ఆ మీటను మూగ చేసి, ఆయన వేలు పట్టి దాని మీద నొక్కించింది. చప్పుడు లేదు. ఇజీనో తల ఊపి, టోపీ వెతుక్కునే నెపంతో అటు తిరిగిపోయాడు.

బయట పెరట్లో ఎర్సీలియా కుళాయి దగ్గర కప్పులు కడుగుతోంది.

“పిన్నీ, ఆ స్వరం కుదరలేదు. నా లెక్కల్లో ఏదో తప్పుంది,” అంది నీవెస్, నేల చూస్తూ.

“మంచిపని చేశావు. కుదిరినా తీసెయ్యమనేదాన్ని.”

“అంటే... మీకు తెలుసా?”

“తీగ కోసింది నా కత్తెరతోనే. తెచ్చి వేరే అరలో పెట్టాడు, పిచ్చి మారాజు.”

నీవెస్‌కు కళ్లు చెమర్చాయి. “గొంతుకి వయసొస్తే సిగ్గేముంది పిన్నీ...”

ఎర్సీలియా మూసిన తలుపు వంక ఒకసారి చూసింది. కుళాయి కట్టేసి, మెల్లగా ఆ పైస్వరం అందుకుంది. సన్నగా, నిండుగా, ఎక్కడా బీట లేకుండా అది పెరడంతా నిలిచింది. నీవెస్ తలుపు వంక తిరిగింది.

“మరి ఆయన విన్నది?”

“ఆ చెవిని నమ్మే ఈ ఊరు ఆయన్ని మాస్టారంటోంది. నేనెలా చెప్పనమ్మా?” ఎర్సీలియా కప్పు తుడిచి బోర్లించింది. “పగిలింది ఆయన చెవి.”