మంచి ఎదురు

"బిందె నిండుగ ఉండాలె లలితా. సగం నీళ్లతోని రాకు," సాలమ్మ గోడ మీదుగా పక్కింటి లలితకుమారికి మూడోసారి చెప్పింది. "మా దీప గడప దాటంగనే నువ్వు ఎదురు రావాలె."

లలితకుమారి తలలో పూలు కూడా పెట్టుకుని సిద్ధంగా ఉంది.

ఇదంతా సాలమ్మ మొగుడు యాదగిరి పెట్టిన షరతు. శామీర్‌పేట చెరువులో వల వేసి బతికిన మనిషి ఆయన. గాలి చూడకుండా తెప్ప ఎక్కడు, శకునం చూడకుండా ఊరు దాటడు. కూతురు దీప జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఐదేళ్లుగా పనిచేస్తోంది. ఇప్పుడు బొంబాయిలోని పెద్ద ల్యాబుకు రమ్మని కాగితం వచ్చింది. పోతే పదిమంది మీద పెద్ద. పోకపోతే రిటైరయ్యే దాకా అదే బల్ల, అవే సీసాలు. వారం రోజులు ఇంట్లో ఇదే పంచాయితీ. చివరికి యాదగిరి తేల్చేశాడు.

"మంచి ఎదురైతెనే పో. లేకుంటె కాగితం వాపస్ జేసి ఉన్న కొలువే చేసుకో."

"మంచి ఎదురు రావాలె. అంతే గద నాయినా? సరే," అంది దీప. అంత జల్దీ ఒప్పుకునేసరికి ఆయనకే ఆశ్చర్యమైంది.

బయలుదేరే రోజు పొద్దున దీప వాళ్ల అవ్వ నర్సమ్మకు తల దువ్వుతూ చెవిలో ఏదో చెబుతోంది. యాదగిరి తల్లి ఆమె. చెవుడు, ఏం చెప్పినా చెవిలోనే చెప్పాలి.

"ఏం ముచ్చట్లే? బస్సు టైమైతాంది," సాలమ్మ కేకేసింది.

"బీపీ గోలీలు ఏ డబ్బాల ఉన్నయో చెప్తున్న."

"చెప్పి, జల్ది లోపటికి పంపు." సాలమ్మ గొంతు తగ్గించలేదు. తగ్గించినా పెంచినా అత్తకు ఒకటే.

మొగుడు పోయిన ఈ పద్దెనిమిదేళ్లలో నర్సమ్మ కొడుకు ప్రయాణానికి గానీ, కోడలి ప్రయాణానికి గానీ ఏనాడూ ఎదురు రాలేదు. ఒకరు చెప్పేదాకా ఆగకుండా తనే తలుపు చాటుకు పోయేది. ఈరోజూ కర్ర పట్టుకుని పెరటి వైపు నడిచింది.

దీప సూట్‌కేసు ఎత్తుకుని గడప దాటింది. సాలమ్మ సైగ చేసింది. గోడవతల బిందె కదిలింది.

అంతలోనే పెరటి సందులోంచి చుట్టు తిరిగి నర్సమ్మ వాకిట్లోకి వచ్చింది. బొట్టు లేని నుదురు, బోసి చేతులు. సరిగ్గా మనవరాలికి ఎదురుగా నిలబడింది.

"అయ్యో, కొంప ముంచింది!" సాలమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఇన్నేండ్లు తెలిసింది ఇయ్యాల తెల్వకపాయెనా అమ్మా!" యాదగిరి తల్లి మీద అరిచి, కూతురి వైపు తిరిగాడు. "ఇగ లోపటికి రా బిడ్డా. మాటంటే మాటే."

"మాటంటే మాటే నాయినా. నాకు మంచి ఎదురే వచ్చింది."

"బొట్టు లేని మనిషి మంచి ఎదురా?"

దీప సూట్‌కేసు కింద పెట్టింది. "నువ్వు నాలుగ్గొట్టంగ చెరువు మీదికి పోతుంటివి. అమ్మ చేపల గంప ఎత్తుకొని పోతుండె. నేను బడికి పోయేటప్పుడు మీరు ఉన్నరా ఇంట్ల? నల్లా కాడికెళ్లి నీళ్లు పట్టుకొని రోజు నాకు ఎదురొచ్చింది గీ అవ్వనే. పదో తరగతి పరీక్షకు అవ్వనే. డిగ్రీకి అవ్వనే. కొలువు ఇంటర్వ్యూకు అవ్వనే. ఏది చెడిపోయిందో చెప్పు!"

యాదగిరి తల్లి వైపు చూశాడు. తర్వాత వంగి సూట్‌కేసు తనే ఎత్తుకున్నాడు.

"నడువు. బస్సు పోతది."

దీప అవ్వ కాళ్లు మొక్కి, వెనక్కి చూడకుండా కరీంనగర్ రోడ్డు వైపు నడిచింది.

బస్సు వెళ్లిపోయాక కూడా సాలమ్మ గొణుగుతూనే ఉంది. "పద్దెనిమిదేండ్ల సంది మాకు ఎదురు రాక చాటుకే ఉన్న మనిషికి ఇయ్యాలనే గా బుద్ధి ఎట్ల పుట్టిందో!"

నర్సమ్మకు అదేదీ వినబడలేదు.

పొద్దున దీప ఆమె చెవిలో చెప్పింది ఒక్కటే మాట: "ఇయ్యాల నువ్వే ఎదురు రావాలె అవ్వా."