కప్పెక్కిన కాంట్రాక్టరు

“పెంకులు పగిలాయని రాస్తే నా ఇల్లెవరు కొంటారు? ఒక్కటి చూపించు చూద్దాం!” అని కాంట్రాక్టరు కస్సుమన్నాడు.

“మీరే ఎక్కి చూడండి బాబాయ్‌గారూ. నిచ్చెన నేను పట్టుకుంటాను,” అంది కొనేవాళ్ల తరఫున ఇల్లు తనిఖీ చెయ్యడానికి వచ్చిన అమ్మాయి.

ఆయన రొప్పుతూ ఎక్కి, ఏటవాలు కప్పు మీద పైకొసదాకా పాకాడు. పగిలిన పెంకు ఒక్కటీ లేదు. కోపంగా వెనక్కి తిరిగేసరికి నిచ్చెన కూడా లేదు. కింద ఆ అమ్మాయి దాన్ని గోడవారగా పడుకోబెట్టి, తాపీగా ఫోన్లో మాట్లాడుతోంది.

కాళ్లు జారిపోతుంటే ఆయన కప్పు కొసను కరుచుకుని అరిచాడు, తిట్టాడు, చివరికి బతిమాలాడు.

ముప్పావు గంట తర్వాత ఆమె నిచ్చెన మళ్లీ వేసి, ఆయన దిగేదాకా రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

“ఫోనొస్తే నిచ్చెన తీసేస్తావా? పడుంటే నా నడుం విరిగేది!” అన్నాడాయన.

“మీ దగ్గర పనిచేసిన మా నాన్నకి విరిగింది. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది మీరే. ఫోనొచ్చిందని వదిలేశారు.”

కాంట్రాక్టరు ఆమె మొహంలోకి పరకాయించి చూశాడు.

“మీరు ముప్పావు గంటకే దిగారు,” అందామె. “ఆయన మంచం దిగక పదకొండేళ్లయింది.”